పొగని భూమిలో దాచిపెడితే ఊరుకుంటుందా? కార్బన్ క్యాప్చర్ గురించి ఈసారి పూర్తి కథ

ఈ ఎపిసోడ్ మాత్రం మీకో సారీ చెప్పి మొదలుపెడతాను.

రెండేళ్ల క్రితం నేను పెట్టిన ఒక షార్ట్ మీలో కొంతమందికి గుర్తుండే ఉంటుంది. "ఫ్యాక్టరీ పొగని పట్టుకుని భూమిలో పూడ్చిపెడతారంట, ఇంతకు మించిన మోసం ఇంకోటి లేదు" అని 58 సెకన్లలో తేల్చి పారేశాను. బాగా ఆడింది. కామెంట్లలో అందరూ నవ్వారు. నవ్వనిది ఒక్కరే, మా నాన్న.

మా నాన్న పాతికేళ్లకు పైగా ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఒక సిమెంట్ ఫ్యాక్టరీలో, కిల్న్ సెక్షన్‌లో పని చేస్తున్నారు. ఆ దసరాకి ఇంటికి వెళ్తే ఫోన్ నా ముందు పెట్టి, "ఇది మోసమన్నవు, మంచిగనే ఉంది. మరి మా పొగనేం జెయ్యాల్నో గూడ చెప్పరాదు బిడ్డా?" అన్నారు. "సోలార్ పెట్టుకుంటే సరిపోతుంది కదా నాన్నా" అన్నాను నేను. ఆయన నవ్వారు. "కరెంటు యాడికెల్లి తెచ్చినా, రాయి కాలిస్తే రాయిలకెల్లే గ్యాస్ వస్తది గదరా" అన్నారు.

బీటెక్ చదివిన నాకు ఆ ముక్క తట్టలేదు. ఆ రోజు నుంచి ఈ టాపిక్ నన్ను వదల్లేదు. చదివాను, లెక్కలు వేసుకున్నాను. నేను చెప్పింది సగమే నిజం. మిగతా సగం ఈరోజు చెప్తాను. మూడే ప్రశ్నలు. ఇది నిజంగా పనిచేస్తుందా? ప్రమాదం ఉందా? డబ్బులు గిట్టుబాటవుతాయా? కార్బన్ డయాక్సైడ్ అని ప్రతిసారీ అంటుంటే నాలుక తిరగదు కాబట్టి, ఇక్కడి నుంచి సీఓటూ అంటాను.

రాయిలోనే ఉంది గ్యాస్

ముందు నాన్న చెప్పిన పాయింట్. సిమెంట్ తయారీలో సున్నపురాయికి మట్టి కలిపి, మెత్తగా పొడి చేసి, కిల్న్‌లో దాదాపు 1,450 డిగ్రీల వరకు కాలుస్తారు. సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేట్. వేడికి అది రెండుగా విడిపోతుంది. కాల్షియం ఆక్సైడ్ కిల్న్‌లో మిగులుతుంది, సీఓటూ గాల్లోకి పోతుంది. ఇంటర్ కెమిస్ట్రీ లెక్కే ఇది. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 44 కిలోలు సీఓటూగా వెళ్లిపోతుంది.

అంటే సిమెంట్ వల్ల వచ్చే సీఓటూలో దాదాపు 60 శాతం రాయిలోంచే వస్తోంది. బొగ్గు మండించడం వల్ల వచ్చేది మిగతా వాటానే. బొగ్గు మొత్తం మానేసినా ఆ 60 శాతం అక్కడే ఉంటుంది. ప్రపంచం వదిలే సీఓటూలో సిమెంట్ వాటా 7, 8 శాతం ఉంటుంది. ఫ్లైయాష్, స్లాగ్ కలిపి కొంత తగ్గించొచ్చు, మన దగ్గర పీపీసీ బస్తా అంటే అదే. కానీ ఎంతోకొంత క్లింకర్ లేకుండా సిమెంట్ లేదు.

కరెంటుకైతే ఇంకో దారి ఉంది, బొగ్గు ప్లాంట్ బదులు సోలార్, విండ్ పెట్టొచ్చు. సిమెంట్‌కి అంత సులువైన దారి లేదు. ఈ తేడా మనసులో పెట్టుకోండి, చివర్లో దీంతో పని ఉంది.

పట్టుకోవడమే ఖరీదు

చిమ్నీలోంచి వచ్చేదంతా సీఓటూ కాదు, ఎక్కువ భాగం నైట్రోజన్. బొగ్గు ప్లాంట్ పొగలో సీఓటూ 12 నుంచి 14 శాతం ఉంటుంది. సిమెంట్ కిల్న్‌లో సాధారణంగా అంతకంటే ఎక్కువే. మామూలు గాలిలో అయితే 0.04 శాతం. ఉప్పల్ స్టేడియం నిండా జనం ఉన్నప్పుడు, వాళ్లలో ఒక పదిహేను మందిని వెతికి బయటికి తీసుకురావడం ఎంత కష్టమో, గాల్లోంచి సీఓటూని తీయడం అంత కష్టం. అదే పొగలో అయితే ప్రతి ఎనిమిది మందిలో ఒకడు మనవాడే. అందుకే గాల్లోంచి పీల్చడం కన్నా చిమ్నీ దగ్గరే పట్టుకోవడం చవక.

ఎక్కువగా వాడే పద్ధతి అమీన్ ద్రావణం. ఒక పెద్ద టవర్‌లో పొగని కింది నుంచి పంపి, పై నుంచి ఈ ద్రావణాన్ని షవర్‌లా పోస్తారు. అది సీఓటూని పట్టుకుంటుంది. తర్వాత దాన్ని వేరే టవర్‌లోకి తీసుకెళ్లి దాదాపు 120 డిగ్రీలకు వేడి చేస్తే సీఓటూని వదిలేస్తుంది. ద్రావణం మళ్లీ మొదటి టవర్‌కి వెళ్తుంది. ఐడియా సింపుల్‌గానే ఉంది. మరి ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుంది? బొగ్గు ప్లాంట్‌కి దీన్ని తగిలిస్తే, అది ఇచ్చే శక్తిలో ఐదో వంతో, ఇంకా ఎక్కువో దీనికే పోతుంది. మన ఇంటికి అంతే కరెంటు రావాలంటే ఇంకా ఎక్కువ బొగ్గు తవ్వాలి. నా షార్ట్‌లో చెప్పిన ఈ పాయింట్ మాత్రం ఇప్పటికీ కరెక్టే.

గుహ కాదు, స్పాంజ్

భూమి లోపల దాచడం అనగానే పెద్ద ఖాళీ గుహలోకి గ్యాస్ ఊదినట్టు ఊహించుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. అలా కాదు. లోపల ఇసుకరాయి పొరలుంటాయి, గట్టి స్పాంజ్‌లా సన్నటి రంధ్రాలతో. ఆ రంధ్రాల్లో ఉండేది ఉప్పునీరు, తాగడానికి పనికిరాదు. ఆ పొర మీద సన్నటి మట్టి గట్టిపడి ఏర్పడిన రాయి ఉండాలి, గ్యాస్‌ని పైకి పోనివ్వకుండా. దాన్ని మూతరాయి అనుకుందాం.

లోతు కూడా ముఖ్యమే. దాదాపు 800 మీటర్లు దాటాక అక్కడి ఒత్తిడికి, వేడికి సీఓటూ అటు గ్యాస్‌లా, ఇటు ద్రవంలా కాకుండా మధ్యరకంగా మారుతుంది. నేల మీద ఒక టన్ను సీఓటూకి 500 ఘనపు మీటర్లకు పైగా జాగా కావాలి. అంత లోతులో రెండు ఘనపు మీటర్ల లోపే సర్దుకుంటుంది. ఫోటోల ఫోల్డర్‌ని జిప్ చేసినట్టు.

తర్వాత దాన్ని పట్టి ఉంచేవి నాలుగు. మొదటిది ఆ మూతరాయి. రెండోది, కొంత సీఓటూ రంధ్రాల్లో బుడగలుగా ఇరుక్కుపోతుంది. మూడోది, కొంత ఉప్పునీటిలో కరుగుతుంది, కరిగిన నీరు బరువెక్కి కిందికి దిగుతుంది. నాలుగోది, వందల వేల ఏళ్లలో రాతిలోని ఖనిజాలతో కలిసి తనే రాయిగా మారుతుంది. అంటే ఏళ్లు గడిచేకొద్దీ రిస్క్ తగ్గాలి. రిస్క్ ఎక్కువ ఉండేది మొదట్లో, గ్యాస్‌ని లోపలికి నెట్టే కాలంలో.

నాలుగు బావుల కథ

థియరీ అయిపోయింది. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు మా టీమ్ లీడ్ ఒక మాట అనేవాడు, "నీ ల్యాప్‌టాప్‌లో పనిచేసింది సరే, ప్రొడక్షన్‌లో ఏమైందో చెప్పు" అని. కాబట్టి ప్రొడక్షన్‌లో ఏమైందో చూద్దాం.

మొదటిది స్లైప్నర్. నార్వే దగ్గర నార్త్ సీలో ఉంది. అక్కడి గ్యాస్‌లో దాదాపు 9 శాతం సీఓటూ ఉండేది. అమ్మాలంటే 2.5 శాతానికి దించాలి, కాబట్టి ఎలాగూ వేరు చేయాల్సిందే. వేరు చేసింది గాల్లోకి వదిలేయొచ్చు కదా? కుదరదు. 1991లో నార్వే ప్రభుత్వం కార్బన్ మీద పన్ను వేసింది. దాంతో 1996 నుంచి ఏడాదికి సుమారు 10 లక్షల టన్నుల వరకు సముద్రం అడుగున ఉట్సిరా అనే ఇసుకరాయి పొరలోకి పంపుతూ వచ్చారు. అంతటితో వదిలేయలేదు. కొన్నేళ్లకోసారి శబ్ద తరంగాలతో లోపల స్కాన్ తీస్తూనే ఉన్నారు. కడుపులో బిడ్డకి స్కానింగ్ తీసినట్టు అనుకోండి. లోపలి సన్నటి మట్టిపొరలు ఆపుతాయనుకుంటే, సీఓటూ వాటిని దాటుకుని మూడేళ్లలోనే పై పొర దాకా వచ్చేసింది. అసలు మూతరాయి మాత్రం ఆపింది. నేను మోసమన్న పని, నేను పుట్టక ముందు నుంచీ జరుగుతోంది.

రెండోది స్నోవిట్, ఇదీ నార్వేదే. స్లైప్నర్ అనుభవం ఉన్న వాళ్లే 2008లో మొదలుపెట్టారు. ఏమైంది? లోపల ఒత్తిడి అనుకున్నదానికంటే వేగంగా పెరిగింది. స్పాంజ్ అనుకున్న పొర అంత పీల్చుకోలేకపోయింది. 2011లో ఆ పొరని వదిలి ఇంకో పొరలోకి మార్చారు. ప్రాజెక్ట్ బతికింది, ఎందుకంటే రోజూ ప్రెజర్ చూస్తున్నారు, వేరే పొర దొరికింది కూడా.

మూడోది అల్జీరియా ఎడారిలోని ఇన్ సలా. 2004 నుంచి 2011 దాకా సుమారు 38 లక్షల టన్నులు పంపారు. ఇక్కడ విచిత్రం ఏంటంటే, బావుల మీద నేల ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున పైకి లేస్తోందని ఉపగ్రహాలు పట్టేశాయి. చపాతీ పొంగినట్టు, కాకపోతే మిల్లీమీటర్లలో. 2007లో ఒక పాత అన్వేషణ బావి దగ్గర సీఓటూ పైకి వచ్చింది. ఆ బావి మూసేశారు. తర్వాత మూతరాయిలో పగుళ్లు రావొచ్చన్న అనుమానంతో 2011లో మొత్తం పంపింగే ఆపేశారు. ఫెయిల్యూరేగా అంటారా? అవును. కానీ ప్రమాదం జరిగాక ఆపడం వేరు, ముందే పట్టుకుని ఆపడం వేరు.

నాలుగోది గోర్గన్. ఆస్ట్రేలియాలో బారో ఐలండ్. ఏడాదికి 40 లక్షల టన్నుల దాకా దాస్తామన్నారు. గ్యాస్ ఉత్పత్తి 2016లో మొదలైంది, సీఓటూ పంపడం 2019 ఆగస్టులో. మధ్య మూడేళ్లదీ గాల్లోకే. తర్వాతైనా టార్గెట్ అందలేదు, 2022-23లో పంపింది దాదాపు 17 లక్షల టన్నులే. కారణం ఒత్తిడి తగ్గించడానికి లోపలి ఉప్పునీటిని బయటికి తోడే సిస్టమ్ సరిగ్గా పనిచేయకపోవడం. డబ్బు ఉంది, పెద్ద కంపెనీ ఉంది, ఇంజినీర్లున్నారు. అయినా కింది రాయి వీళ్ల మాట వినలేదు.

ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి చూశాక నాకు అర్థమైంది ఇదీ. భూమిలో సీఓటూ నిలుస్తుంది, అది రుజువైంది. కానీ ఒక చోట పనిచేసిందని ఇంకో చోట పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు. కోడ్ అయితే కాపీ పేస్ట్ చేయొచ్చు, భూమిని చేయలేం. ప్రతి సైట్ కొత్త ప్రాజెక్టే.

సాయంత్రం ఏడు గంటలకి కార్లు ఆగిపోయాయి

ఇక ప్రమాదం సంగతి. 2020 ఫిబ్రవరి 22, అమెరికాలో మిసిసిపి రాష్ట్రం. సటార్షియా అనే చిన్న ఊరు. వానలకి నానిన గట్టు జారి, ఊరికి సుమారు మైలు దూరంలో ఉన్న సీఓటూ పైప్‌లైన్ తెగింది. సీఓటూ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, పైకి పోదు, నేల మీద పాకుతుంది. తెల్లటి పొగలా ఊరి మీదికి వచ్చింది. కార్ల ఇంజిన్లకు ఆక్సిజన్ అందక మధ్య దారిలో ఆగిపోయాయి. పారిపోదామన్నా బండి స్టార్ట్ కాదు. దాదాపు 200 మందిని ఖాళీ చేయించారు, 45 మంది ఆసుపత్రికి వెళ్లారు. ఎవరూ చనిపోలేదు.

తర్వాత ప్రభుత్వ విచారణలో తేలింది చూడండి. గ్యాస్ ఊరిదాకా వస్తుందని కంపెనీ వేసిన లెక్కలో లేనే లేదు. స్థానిక రెస్క్యూ వాళ్లకి ఇలాంటి ప్రమాదం ఉంటుందని ముందే చెప్పలేదు. అంటే పైపు తెగడం ఒక తప్పు, ఊరికి చెప్పకపోవడం అంతకంటే పెద్ద తప్పు.

గమనించారా, ఇది భూమి లోపల జరిగింది కాదు, దారిలో జరిగింది. "లోపల దాచింది పేలిపోతుందా?" అని అందరూ అడుగుతారు. నాకు ఎక్కువ భయం పైపుల మీద, పాత బావుల మీద. అమెరికాలోనే ఇల్లినాయ్‌లోని డికేటర్‌లో 2024లో తుప్పు పట్టింది ఏంటో తెలుసా? సీఓటూని గమనించడానికి తవ్విన బావే! అనుమతి లేని పొరలోకి ద్రవం పాకిందని తెలిసి పంపింగ్ ఆపారు. సీఓటూకి నీళ్లు తగిలితే ఆమ్లం అవుతుంది, మామూలు ఉక్కుని తినేస్తుంది. కాపలావాడికే కాపలా కావాలన్నమాట.

కోనసీమ వాళ్లకి పైప్‌లైన్ అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నాగరంలో గ్యాస్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా పోయారు. అది మండే గ్యాస్, ఇది మండదు, ఊపిరాడనివ్వదు. గ్యాస్ వేరే, పాఠం ఒకటే. పైపు వేసేవాడు ఊరితో మాట్లాడకుండా వేయకూడదు.

మంచి ప్రాజెక్ట్‌కి చెక్‌లిస్ట్

స్క్రీన్‌షాట్ తీసుకోవాలనుకునే వాళ్లు ఇక్కడ తీసుకోండి. రేపు మీ జిల్లాలోనే ఇలాంటి ప్రాజెక్ట్ వస్తే గ్రామసభలో అడగాల్సిన ప్రశ్నలివి.

ఒకటి, చోటు. లోతెంత, మూతరాయి ఎంత మందం, ఎక్కడైనా పగుళ్లున్నాయా? చుట్టుపక్కల పాత ఆయిల్, గ్యాస్ బావులెన్ని, వాటిని ఎలా మూశారు? ఇన్ సలా గుర్తుంది కదా.

రెండు, మొదలుపెట్టక ముందు కొలతలు. అక్కడి భూగర్భ జలం, మట్టిలో సహజంగా ఉండే సీఓటూ, చిన్న చిన్న భూకంపనలు, అన్నీ ముందే కొలిచి రాసిపెట్టాలి. లేకపోతే రేపు బోరు నీళ్లలో తేడా వచ్చినప్పుడు, "ముందు నుంచే అలా ఉంది" అంటే మన దగ్గర జవాబుండదు.

మూడు, నిఘా. ఒత్తిడి రోజూ చూడాలి, లోపలి స్కాన్ కొన్నేళ్లకోసారి, నేల కదలిక ఉపగ్రహం నుంచి. ఆ డేటా కంపెనీ సర్వర్‌లో ఉంటే చాలదు, జనానికి కనబడాలి.

నాలుగు, ఆపే ప్లాన్. ఏ నంబర్ దాటితే పంపింగ్ ఆపుతారో ముందే కాగితం మీద ఉండాలి. సాఫ్ట్‌వేర్‌లో తప్పు జరిగితే పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లొచ్చు, అర్ధరాత్రి లేచి నేనూ ఆ పని చాలాసార్లు చేశాను. భూమి విషయంలో వెనక్కి వెళ్లే బటన్ లేదు. అందుకే ఇంకో పొర, ఇంకో బావి ముందే చూసి పెట్టుకోవాలి, స్నోవిట్‌లోలా.

ఐదు, పైప్‌లైన్. తేమ తీసేసిన సీఓటూనే పంపాలి, మధ్యమధ్యలో ఆటోమేటిక్ వాల్వులుండాలి. దారిలో ఉన్న ప్రతి ఊరికీ, పోలీస్ స్టేషన్‌కీ, పీహెచ్‌సీకీ గ్యాస్ వస్తే ఏం చేయాలో నేర్పాలి. లోతట్టు వైపు పరుగెత్తకూడదు, ఎత్తు మీదికి వెళ్లాలి. ఈ ఒక్క ముక్క తెలిసినా ప్రాణాలు మిగులుతాయి.

ఆరు, కంపెనీ వెళ్లిపోయాక ఎవరు చూస్తారు? యూరప్ చట్టంలో మూసిన తర్వాత మామూలుగా కనీసం 20 ఏళ్లు కంపెనీదే బాధ్యత, ఆ తర్వాతే ప్రభుత్వానికి అప్పగించాలి, అదీ నిఘా ఖర్చుకి డబ్బు కట్టి. అమెరికా నిబంధనల్లో మామూలుగా 50 ఏళ్లు చూసుకోవాలి. మన దగ్గర అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే అని నా అభిప్రాయం.

ఎవరు కడతారు?

ఇక డబ్బు. టెక్సాస్‌లో పెట్రా నోవా అని ఒక ప్రాజెక్ట్. బొగ్గు ప్లాంట్ పొగలో సీఓటూని పట్టి, పాత చమురు బావిలోకి నెట్టి, మిగిలిన చమురు బయటికి తీయడం. 2017లో మొదలైంది. చమురు అమ్మితేనే డబ్బు. 2020లో కోవిడ్‌కి చమురు ధర పడిపోగానే మూసేశారు, మళ్లీ 2023లో తెరిచారు. భూమిని కాపాడే పని చమురు ధర మీద ఆధారపడితే ఇలాగే ఉంటుంది. అసలు ఇప్పటిదాకా ప్రపంచంలో పట్టుకున్న సీఓటూలో ఎక్కువ భాగం వెళ్లింది చమురు తీయడానికే. మిసిసిపిలోనే కెంపర్ అనే ప్లాంట్ ఉంది. 750 కోట్ల డాలర్ల దాకా ఖర్చు పెట్టి, 2017లో బొగ్గు ప్లాన్‌నే వదిలేసి సహజవాయువు మీద నడిపారు.

మరి ఎక్కడ గిట్టుబాటైంది? స్లైప్నర్‌లో, ఎందుకంటే సీఓటూని ఎలాగూ వేరు చేయాలి, వదిలితే పన్ను కట్టాలి. అంటే రెండు కలవాలి. పట్టుకోవడం చవకగా ఉండాలి, వదిలితే ఖరీదు కావాలి. అమెరికా ఇంకో దారి పట్టింది. భూమిలో దాచిన ప్రతి టన్నుకి 85 డాలర్ల దాకా పన్ను రాయితీ, అంటే 7 వేల రూపాయల పైనే. కర్రతో అయినా, బెల్లంతో అయినా, ఎవరో ఒకరు ధర కట్టకపోతే ఏ కంపెనీ చేయదు. దానంతట అదే లాభం తెచ్చే బిజినెస్ కాదిది. చెత్త ఎత్తడానికి మున్సిపాలిటీకి ఖర్చయినట్టే ఇదీ ఖర్చే.

ఇంకో లెక్క. ప్రపంచం మొత్తం మీద పట్టుకునే సామర్థ్యం ఏడాదికి దాదాపు 5 కోట్ల టన్నులు. మనం శక్తి కోసం వదులుతున్నది దాదాపు 3,700 కోట్ల టన్నులు. అంటే వెయ్యిలో ఒకటి, రెండు. దీన్ని చూపించి "బొగ్గు కాల్చుకోండి, మేము పట్టేస్తాం" అనేవాళ్లని నమ్మొద్దు. ఆ మాట మాత్రం మోసమే.

నాన్నకి చూపించిన వీడియో

అయితే 2025లో ఒక విషయం జరిగింది, నేను మా నాన్నకి ఫోన్ చేసి మరీ చెప్పాను. నార్వేలో బ్రెవిక్ అనే ఊళ్లో ఒక సిమెంట్ ఫ్యాక్టరీ. కిల్న్ పొగలోంచి ఏడాదికి 4 లక్షల టన్నుల సీఓటూ పట్టే ప్లాంట్ పెట్టారు. దాన్ని ద్రవంగా చేసి, ఓడలో వేసి, ఓయ్‌గార్డెన్ అనే తీరానికి తీసుకెళ్లి, అక్కడి నుంచి పైపులో సముద్రంలోకి సుమారు 100 కిలోమీటర్లు పంపి, సముద్రగర్భం కింద 2,600 మీటర్ల లోతున దాస్తున్నారు. 2025 ఆగస్టులో మొదటిసారి పంపారు. ఈ ఏర్పాటు పేరు నార్తర్న్ లైట్స్.

ఆ వీడియో నాన్నకి పంపితే, చూసి మూడు ప్రశ్నలు వేశారు. "మొత్తం పొగ పట్టిన్రా?" లేదు నాన్నా, సగమే. "ఎందుకు సగం?" కిల్న్ నుంచి వృథాగా పోయే వేడి అంతవరకే సరిపోతుంది, దాంతోనే అమీన్‌ని మరిగిస్తారు. ఇది విని ఆయన కాసేపు ఆగి, "గది తెలివంటే" అన్నారు. కిల్న్ దగ్గర పాతికేళ్లు ఆ వేడిలో నిలబడ్డ మనిషి కదా. మూడో ప్రశ్న, "పైసలెవరిచ్చిన్రు?" మొత్తం పథకం ఖర్చులో దాదాపు మూడింట రెండు వంతులు నార్వే ప్రభుత్వానివి. "మరి మనకెవరిస్తరు?" ఈ ప్రశ్నకి నా దగ్గర రెడీమేడ్ జవాబు లేదు.

మన దగ్గర ఏముంది?

ఉన్నదేంటో చెప్తాను. మన దగ్గర బసాల్ట్ ఉంది, నల్లటి అగ్నిపర్వత శిల. ఐస్‌లాండ్‌లో కార్బ్‌ఫిక్స్ అనే ప్రాజెక్ట్ సీఓటూని నీళ్లలో కరిగించి, అంటే సోడాలా చేసి, బసాల్ట్‌లోకి పంపింది. రెండేళ్ల లోపే 95 శాతానికి పైగా రాయిగా మారిపోయిందని 2016లో పరిశోధన పత్రం వచ్చింది. మన దక్కన్ పీఠభూమి మీద బసాల్ట్ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. ఎక్కువ మహారాష్ట్రలో, కొంత మన ఆదిలాబాద్, వికారాబాద్ వైపు కూడా. అనంతగిరి ట్రిప్‌కి వెళ్లినవాళ్లు దాని మీదే సెల్ఫీ తీసుకుని ఉంటారు. హైదరాబాద్‌లోని ఎన్జీఆర్ఐ ఈ రాయి సీఓటూని ఎంత పట్టగలదని అధ్యయనాలు చేసింది.

అయితే ఆనందపడే ముందు ఒక లెక్క. ఆ పద్ధతిలో ఒక టన్ను సీఓటూకి సుమారు 25 టన్నుల నీళ్లు కావాలి. ఐస్‌లాండ్‌కి పర్లేదు. ఎండాకాలం ట్యాంకర్ కోసం బిందెలు పట్టుకుని నిలబడే ఊళ్లలో ఈ మాట చెప్పి చూడండి. పైగా దక్కన్ బసాల్ట్‌లోనే మన రైతుల బోర్లున్నాయి. రాయి ఉండటం వేరు, సైట్ ఉండటం వేరు.

పట్టే పని చిన్నచిన్నగా మొదలైంది. తూత్తుకుడిలో 2016 నుంచి ఒక ప్లాంట్ సీఓటూని సోడా యాష్‌గా మార్చింది. 2021లో టాటా స్టీల్ జంషెడ్‌పూర్‌లో రోజుకి 5 టన్నులు పట్టే యూనిట్ పెట్టింది. 2022 నవంబర్‌లో నీతి ఆయోగ్ ఒక పాలసీ నివేదిక ఇచ్చింది. 2023లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ స్కీమ్ నోటిఫై అయింది. 2026 జనవరి నుంచి యూరప్ తన సరిహద్దులో స్టీల్, సిమెంట్ లాంటి వాటిపై కార్బన్ ఛార్జీ లెక్కించడం మొదలుపెట్టింది. అంటే ధర అనేది మెల్లగా వస్తోంది. మనం కట్టకపోతే బయటివాడు వసూలు చేస్తాడు.

మరి ఫైనల్‌గా నా మాట? కరెంటు కోసం బొగ్గు కాల్చి దాని పొగ పట్టడం దండగ, ఆ డబ్బు సోలార్, విండ్, బ్యాటరీల్లో పెట్టడం మేలు. సిమెంట్ లాంటి వేరే దారి లేని చోట, చోటు బాగా పరీక్షించి, ఊరికి చెప్పి, యాభై ఏళ్ల కాపలాకి డబ్బు ముందే పక్కన పెట్టి చేస్తే, ఇది మోసం కాదు, అవసరం. నా షార్ట్‌లో ఈ రెండిటినీ ఒకే గాటన కట్టేశాను. ఆ షార్ట్ డిలీట్ చేయట్లేదు, కింద ఈ ఎపిసోడ్ లింక్ పిన్ చేస్తున్నాను. తప్పు కూడా కనబడాలి.

నాన్న వచ్చే ఏడాది రిటైర్ అవుతున్నారు. మొన్న అడిగారు, "నేను పొయ్యినంక ఆ కిల్న్ ఉంటదంటవా?" అని. ఉంటుంది నాన్నా, ఇల్లు కట్టేవాడు ఉన్నంత కాలం ఉంటుంది. దాని పొగ ఎక్కడికి పోవాలన్నది మాత్రం మా తరం తేల్చాలి.

మీ ఊరి దగ్గర సిమెంట్ ఫ్యాక్టరీ, గ్యాస్ పైప్‌లైన్, పాత డ్రిల్లింగ్ బావి ఏదైనా ఉంటే కామెంట్‌లో రాయండి. నేను చెప్పినదాంట్లో తప్పుంటే అదీ రాయండి, వచ్చే ఎపిసోడ్ మొదట్లోనే చదువుతాను. అంతవరకు ఉంటాను. జాగ్రత్త.